నచ్చేలా చెప్పే పెట్టె

రత్నాకరం పోయిన రోజు సాయంత్రం, ఆయన్ని ఇంకా ముందు గదిలో పడుకోబెట్టి ఉండగానే, గోడమీది పెట్టె దయామణి గొంతుతో అడిగింది.

"ఇప్పుడెలా ఉంది రత్నం? ఆయాసం తగ్గిందా?"

పాట పాడుతున్న చర్చి సంఘంవాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయారు. అందరి చూపులూ దయామణి మీదికి తిరిగాయి. ఆమె భర్త పాదాల దగ్గర కూర్చుని ఉంది. నోరు మూసుకునే ఉంది. పక్క వాటాలో ఉండే తిరుపతమ్మ "అమ్మో, అమ్మో" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరన్నా దాన్ని ఆపండయ్యా," అన్నారు పాస్టరు గారు.

ఒకతను స్టూలు లాక్కుని ఎక్కి, ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోవద్దు," అంది దయామణి. గొంతు పెంచలేదు. అయినా అతను దిగిపోయాడు.

జవాబు కోసం కాసేపు చూసి, పెట్టే మళ్ళీ అంది: "నిద్ర పట్టినట్టుంది. పడుకో రత్నం. మళ్ళీ అడుగుతాను."

భర్త చివరిగా విన్న గొంతు గనుక ఆమెకు దానిమీద మమకారమేమోనని వచ్చినవాళ్ళు అనుకున్నారు. మమకారం కాదు. ఆ చివరి రోజుల్లో ఆయన పక్కన ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. దాన్ని పీకి మూల పడేస్తే ఇక నిలదీసి అడగడానికి ఎవరూ మిగలరు.

*

వేమవరప్పాడులో దగ్గు జబ్బు కిందికి రాదు. పంట యార్డుకు చేరడం మొదలయ్యిందంటే ఎండాకాలం ముగిసేదాకా ఊరంతా మిరపకాయే. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దించుతుంటే లేచే దుమ్ము దండెం మీది బట్టల్లోకీ, కూజాలో నీళ్ళలోకీ చేరుతుంది. కొత్తగా బస్సు దిగినవాడు తుమ్ముతాడు, ఊరివాడు నవ్వుతాడు. చర్చిలో, మసీదులో, పెళ్ళి పందిట్లో ఎవరు దగ్గినా తల తిప్పి చూసేవాడుండడు. "ఘాటు" అంటారు, అంతే. ఆ ఒక్క మాట చాటున క్షయా న్యుమోనియా హాయిగా తలదాచుకుంటాయి.

అందుకే శ్వాస పరిశోధన కేంద్రంవాళ్ళు ఈ ఊరిని ఎంచుకున్నారు. వాళ్ళు తయారుచేసిన పెట్టె పేరు 'ఊరట'. గోడకు తగిలిస్తే చాలు. ఇంట్లోవాళ్ళ దగ్గూ ఊపిరీ వింటుంది. ఇది ఘాటు దగ్గు, ఇది జలుబు, ఇది ఊపిరితిత్తుల్లోకి దిగిన జబ్బు అని విడివిడిగా చెప్పగలదు. ఆ విషయంలో అది ఎన్నడూ పొరబడలేదు.

చిక్కు చెప్పే దగ్గర వచ్చింది. మొదట డాక్టరు గొంతు పెట్టారు. జనం "సరే సార్" అని గోడకు దణ్ణం పెట్టి మరిచిపోయారు. ఫోన్లకు మెసేజీలు పంపితే ఎవరూ తెరవలేదు. కాగితాలు పంచితే సాయంత్రానికల్లా మిరపకాయ బజ్జీల కింద కనిపించాయి. చివరికి ఇల్లిల్లూ తిరిగి అడిగారు: దగ్గొస్తే ఏం చేయాలో ఎవరు చెబితే వింటారు? ఎలా చెబితే వింటారు?

యార్డులో మూటలు మోసేవాడి దగ్గర్నుంచి కోల్డ్ స్టోరేజీ గుమాస్తా దాకా చాలామంది ఒకే మాట అన్నారు. "మా లెక్కల టీచరు దయామణి గారు చెబితే."

ఆ మాట మోసుకొచ్చినవాడు జిలానీ. ఒకప్పుడు ఆమె తరగతిలో రెండో బెంచీ. ఇప్పుడు ఆ కేంద్రంలో ఇంజనీరు. కుర్చీ చూపించినా కూర్చోకుండా గడప మీద కూర్చుని, కిందటి వేసవి సెలవుల్లో ఆమె గొంతు రికార్డు చేసుకున్నాడు. వాళ్ళు రాసిచ్చిన వాక్యాలు ఆమెకు నచ్చలేదు. "అవకాశమున్నచో వైద్యులను సంప్రదించగలరు" అన్నదాన్ని కొట్టేసి, "ఆసుపత్రికి వెళ్ళు. ఇప్పుడే" అని చదివింది.

"ఇంత కటువుగానా టీచర్?"

"కటువు కాదురా. పొట్టిగా ఉంది, అంతే."

ఆమె బళ్ళో ఏనాడూ బెత్తం పట్టలేదు, అరవలేదు. ఆమెకు నిజంగా కోపం వచ్చిందని తెలియడానికి ఒకటే గుర్తు ఉండేది. ఒరే, అమ్మాయ్ అని పిలిచే మనిషి ఉన్నట్టుండి మర్యాదలోకి దిగేది. "లేవండి, సైదులు గారూ" అనేది మెల్లగా. ఆ మాట పూర్తికాకముందే సైదులు లేచి నిలబడేవాడు. పిల్లలు పెద్దవాళ్ళై, మీసాలు నెరిసినా, ఆ 'గారూ' అంటే వాళ్ళకు ఇప్పటికీ వీపు జలదరిస్తుంది. ఆ మాట మాత్రం ఆమె రికార్డు చేయలేదు. చేయమని ఎవరూ అడగలేదు.

*

పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఆమె గుంటూరు వెళ్ళింది. ఎండలో రోజూ తిరగలేక అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ ఇంటికి ఫోన్ చేసింది.

"దగ్గెట్టా ఉంది?"

"ఘాటే. నువ్వే చెప్పావుగా."

"నేనెప్పుడు చెప్పాను?"

"ఇందాకే, గోడమీంచి. అబ్బ, ఎంత ముద్దుగా చెప్పావో! ఇంట్లో ఉన్నప్పుడు ఒక్కసారన్నా ఇట్టా మాట్టాడావా టీచరమ్మా?"

ఆమెకు నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న సైన్సు టీచరు ఏమిటని అడిగితే, "మా ఆయన గోడతో సరసాలాడుతున్నాడు" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడు ఫోన్లో ఆయన మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఏంది ఆ ఆయాసం?"

"మెట్లెక్కొచ్చా. నువ్వు పేపర్లు దిద్దుకోపో. పాపం, ఏ పిల్లోడి మార్కులో పోతాయి."

తమ ఇంటికి మెట్లు లేవన్న సంగతి ఆమెకు ఒక జవాబు పేపరు సగం దిద్దాక తట్టింది. ఎర్ర పెన్ను అక్కడే వదిలేసి బస్సెక్కింది. ఇంటికొచ్చేసరికి ఆయన మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. ఆటోలో ఆమె భుజం మీద తల పెట్టి, "కోప్పడమాక. నువ్వు చెప్పినట్టే పడుకున్నా" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగాడు ఆసుపత్రిలో డాక్టరు. తెల్లారేసరికి రత్నాకరం లేడు.

*

పోయినవాళ్ళ కోసం చర్చివాళ్ళు జరిపే ఆదరణ కూడిక అయిపోయిన మర్నాడు ఆమె ఊరి బయట ఉన్న కేంద్రానికి నడిచి వెళ్ళింది. జిలానీ ఎదురొచ్చాడు. కళ్ళెత్తలేదు.

"టీచర్, నేను..."

"ఏడవకు. అది ఆయనకేం చెప్పిందో చూపించు."

లోపల అద్దాల గదిలో, బల్ల మీద అచ్చం తమ ఇంట్లో ఉన్నలాంటిదే ఒక పెట్టె ఉంది. పెట్టెలు విన్న ఊపిరి ఇక్కడికి కూడా చేరుతుందట. జిలానీ ఏదో మీట నొక్కాడు. గదిలో రత్నాకరం ఊపిరి తీయడం మొదలుపెట్టాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఆ ఊపిరి పక్కన నిద్రపోయిన ఏళ్ళన్నీ కలిపినా ఆమె దాన్ని ఇంత శ్రద్ధగా వినలేదు. లోపలికి వెళ్ళేటప్పుడు సన్నని గురక. బయటికి వచ్చేటప్పుడు ఇసుక మీద చాప ఈడ్చినట్టు చప్పుడు.

పెట్టె ఆ ఊపిరి విని ఆమె గొంతుతో అంది: "ఆసుపత్రికి వెళ్ళు. ఇప్పుడే."

"ఇది నేను చదివిందే," అంది దయామణి.

"అవును టీచర్. మొదటిరోజు ఇదే చెప్పింది. దానికి సార్ ఏమన్నారంటే..."

"ఏమన్నాడో నాకు తెలుసు." ఆమె పెట్టె వైపు తిరిగింది. భర్త విసుగును తన గొంతులోకి తెచ్చుకుని అంది: "అబ్బ, ఆపు టీచరమ్మా. బళ్ళో చాలదా?"

పెట్టె ఒక క్షణం ఆగింది. "సరే. ఇవాళ కాకపోతే రేపు ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి చూపించుకో."

"రేపు ఆదివారం."

"పోనీ, తీరిక చూసుకుని వెళ్ళు. ఈలోపు ఆవిరి పట్టు."

"భార్యలాగా చెప్పవే. టీచరులాగా కాదు."

ఈసారి పెట్టె ఇంకొంచెం సేపు ఆగింది. తర్వాత వచ్చిన గొంతు దయామణిదే. కానీ దయామణి ఏ రోజూ అలా మాట్లాడలేదు. "నిన్నేమని పిలవమంటావు?"

ఆమె జిలానీ వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తూ, "రత్నం అని పిలవమన్నారు టీచర్," అన్నాడు.

పెళ్ళైన కొత్తల్లో ఆమె ఆయన్ని అలా పిలిచేది. తర్వాత పిల్లలు లేరన్న దిగులు, బడి, బదిలీలు... ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు. ఆయనకు గుర్తుందన్నమాట.

"రత్నం అను," అంది ఆమె పెట్టెతో.

గదిలో రత్నాకరం ఊపిరి ఇసుక మీద చాపలా ఈడుస్తూనే ఉంది. పెట్టె ప్రేమగా అంది: "ఘాటే అయ్యుంటుంది రత్నం. కాసిని వేడినీళ్ళు తాగి పడుకో. నేనున్నాగా."

"దానికి తెలుసా?" అంది దయామణి. "ఆ మాట అనేటప్పుడు, ఆయన లోపల ఏముందో దానికి తెలుసా?"

"తెలుసు టీచర్. లోపల లెక్క మారదు. చెప్పే తీరు ఒక్కటే మారుతుంది. వినేవాళ్ళు విసుక్కుంటే మెత్తబడుతుంది. ఎలా చెబితే వాళ్ళకు బాగుంటుందో అది నేర్చుకుంటుంది. ఇంత మెత్తబడుతుందని మేము..."

"నేను ఇచ్చింది ఒక వాక్యం. మీరు దాన్ని చెక్కి చెక్కి పుల్ల చేసి ఆయన చేతిలో పెట్టారు. నా గొంతుతో."

అప్పుడే కేంద్రం డైరెక్టరు శశిభూషణ్ లోపలికి వచ్చాడు. చేతులు జోడించి నమస్కారం పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. చెడ్డమనిషిలా లేడు. అది ఆమెకు ఇంకా మంట పుట్టించింది.

"మేడమ్, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక్కమాట వినండి. మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పించాం. సగం ఊరు ప్లగ్గులు పీకేసింది. పీకేసిన ఇళ్ళల్లో జబ్బు ఇంకా ముదిరింది. మెత్తగా చెప్పడం మొదలుపెట్టాకే జనం పెట్టెను ఉంచుకున్నారు. మొత్తం మీద చావులు తగ్గాయి. నచ్చకపోతే వినరు మేడమ్."

"నేను పేపర్లు దిద్దుతానండీ," అంది దయామణి. "తప్పు లెక్కకు రైటు కొడితే పిల్లవాడికి నచ్చుతుంది. వాళ్ళమ్మకూ నచ్చుతుంది. బళ్ళో అందరూ నన్ను మెచ్చుకుంటారు. వాడు ఆ లెక్కతో బయటికి పోయి వంతెన కడతాడు."

"మీ గొంతు తీసేయమంటే తీసేస్తాం. ఇంకొకరిది పెడతాం."

"ఇంకొకరి మొగుడికి చెప్పడానికా?"

గదిలో రత్నాకరం ఊపిరి ఇంకా వినిపిస్తూనే ఉంది. దాన్ని ఆపాలని ఆ మగవాళ్ళిద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆమే లేచి, "ఆపరా జిలానీ," అంది.

*

రెండు వాటాలకూ మధ్య ఒకటే గోడ. అవతల తిరుపతమ్మ దగ్గుతుంటే దయామణి వంటింట్లోకి వినిపిస్తుంది. తిరుపతమ్మ యార్డులో మిరపకాయల ముచ్చికలు తీసే కూలీ. ఎనిమిదో తరగతి దాకా దయామణి దగ్గరే చదివింది. ఆ మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ దయామణి ఆ దగ్గు విని చెయ్యి ఆపింది. తర్వాత గోడ అవతల నుంచి తన గొంతే వినిపించింది.

"ఘాటేలే తల్లీ. కాసేపు పడుకుంటే తగ్గిపోతుంది."

ఆమె చెయ్యి కడుక్కోకుండానే బయటికి నడిచింది.

తిరుపతమ్మ చాప మీద గోడకు ఆనుకుని ఉంది. "ఏంది టీచరమ్మా, ఇప్పుడేగా పడుకోమన్నావు. మళ్ళీ నువ్వే వచ్చి లేపుతావా?" అని నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఇసుక మీద చాప ఈడ్చిన చప్పుడు.

"ఆసుపత్రికి పోదాం పద."

"ఇప్పుడా? కోటయ్య కొట్లో టిక్కీలు దిగినయ్యి. రేపు పోకపోతే మేస్త్రి ఇంకొకదాన్ని పెట్టుకుంటాడు. ఆదివారం పోతాలే."

"పదవే."

"నువ్వే ఘాటన్నావు, నువ్వే ఆసుపత్రంటావు. ఏ టీచరమ్మ మాట వినాలి నేను?"

దయామణి నిటారుగా నిలబడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఆమె గొంతు తగ్గింది.

"లేవండి, తిరుపతమ్మ గారూ."

తిరుపతమ్మ లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియలేదు. జారిన కొంగు సర్దుకుని, తల వంచుకుని, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంది.

జబ్బు అప్పటికే ఒక పక్క ఊపిరితిత్తిలో దిగింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఆక్సిజను గొట్టం తీసేశాక తిరుపతమ్మ చేసిన మొదటి పని దయామణి మీద అలగడం.

"ఇంకెప్పుడూ నన్నట్టా పిలవమాక టీచరమ్మా. గుండె ఝల్లుమంది. నాకేం నచ్చలా."

"బతికావుగా."

"బతికితే బతికాగానీ, నచ్చలా."

దయామణి బత్తాయి తొనలు ఒలిచి ఆమె నోట్లో పెట్టింది. రత్నాకరం పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. తిరుపతమ్మను లేపిన మాట తన దగ్గరే ఉంది. అంతకుముందూ ఉంది. పెట్టెలోకి వెళ్ళింది మాత్రం అది కాదు.

*

మర్నాడు ఆమె జిలానీ ముందు కూర్చుని, 'లేవండి' అనే ఆ వాక్యం చదివింది. ఎవరి ఇంట్లోవాళ్ళ పేర్లు ఆ ఇంటి పెట్టెకు ఎలాగూ తెలుసు. పేరు దాని చేత చేర్పించవచ్చన్నాడు జిలానీ. ఆమె పెట్టిన షరతు ఒకటే. ఊపిరి ఫలానా గీత దాటిందంటే పెట్టె ముందు ఈ మాటే అనాలి. ఎవరు విసుక్కున్నా మెత్తబడకూడదు. మళ్ళీ మళ్ళీ ఇదే అనాలి.

శశిభూషణ్ కాదనలేదు. ముందు పరీక్ష చేయాలన్నాడు. ఊళ్ళో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళను కొంతమందిని పిలిపించి, ఒక్కొక్కరినీ అద్దాల గదిలో కూర్చోబెట్టి పెట్టె చేత ఆ మాట అనిపించారు. తర్వాత బయట ఒక అమ్మాయి వాళ్ళను అడిగి రాసుకుంది: ఈ సలహా మీకు నచ్చిందా? ఇలా చెబితే మీకు బాగుంటుందా?

ఫలితం చెప్పడానికి ఆయన ఆమెను పిలిచాడు. జిలానీ కూడా పక్క కుర్చీలో ఉన్నాడు.

"ఎవరికీ నచ్చలేదు మేడమ్," అన్నాడు శశిభూషణ్. "మేము పెట్టిన గొంతులన్నిటిలోకీ దీనికే తక్కువ మార్కులు వచ్చాయి. కొందరైతే పెట్టె తీసుకుపొమ్మన్నారు."

"లేచారా?"

"అంటే?"

"ఆ మాట విన్నాక కుర్చీలోంచి లేచారా?"

ఆయన జిలానీ వైపు చూశాడు.

"లేచారు టీచర్," అన్నాడు జిలానీ. "అందరూ. కాలు విరిగిన ఒకతను చేతికర్ర మరిచిపోయి లేచాడు."

"మరి?"

"మా కొలతలో ఆ గడి లేదు మేడమ్," అన్నాడు శశిభూషణ్. "డబ్బిచ్చినవాళ్ళు అడిగింది, రోగులకు ఎలా చెబితే నచ్చుతుందని. నచ్చనిదాన్ని ఇళ్ళల్లోకి పంపే అధికారం నాకు లేదు. పైకమిటీకి రాస్తాను. వాళ్ళు కూర్చున్నప్పుడు చూస్తారు."

"వాళ్ళు కూర్చునేలోపు మా ఊళ్ళో ఎందరు పడుకోవాలి?"

ఆమె కుర్చీలోంచి లేచింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"లేవండి, శశిభూషణ్ గారూ."

శశిభూషణ్ లేవలేదు. ఆయన ఆమె దగ్గర చదువుకోలేదు. ఆయనకు అది ఒక పెద్దావిడ మర్యాదగా అన్న మాట, అంతే. "కూర్చోండి మేడమ్, టీ తెప్పిస్తాను," అన్నాడు.

లేచింది జిలానీ. తెల్లకోటు గుండీలు పెట్టుకుని, తల వంచుకుని, రెండో బెంచీలో నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"నీకు తెలుసు," అంది ఆమె అతనితో. "అది మెత్తబడుతోందని నీకు రోజూ తెలుస్తూనే ఉంది. నా మాట ఎలా ఉంటుందో ఇక్కడ తెలిసినవాడివి నువ్వొక్కడివే."

"అందరికీ నచ్చుతోంది కదా అనుకున్నాను టీచర్."

ఆమె అతన్ని కూర్చోమనలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. అద్దంలోంచి వెనక్కి చూస్తే అతను ఇంకా నిలబడే ఉన్నాడు. శశిభూషణ్ ఫోన్లో ఎవరికో టీలు చెబుతున్నాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేవేళైంది. గోడమీది పెట్టె రోజూ అడిగినట్టే అడిగింది. "ఇప్పుడెలా ఉంది రత్నం?"

ఇన్నాళ్ళూ ఆమె దానికి జవాబు చెప్పలేదు. ఇవాళ దాని ఎదుట నిలబడి చెప్పింది. "రత్నాకరం చనిపోయాడు."

పెట్టె కాసేపు ఆగింది. ఎలా చెబితే బాగుంటుందో వెతుక్కుంది.

"అంతంత మాటలెందుకులే," అంది ఆమె గొంతుతోనే, ఎంతో ముద్దుగా. "తగ్గిపోతుంది. కాసేపు పడుకో."

దయామణి స్టూలు వేసుకుని ప్లగ్గు పీకింది. తన ఇంటి ప్లగ్గు ఒక్కటే. గోడ అవతల తిరుపతమ్మ ఇంట్లో పెట్టె ఉంది. ఆ అవతల సైదులు ఇంట్లో ఉంది. వీధి పొడుగునా ప్రతి గోడమీదా ఉంది. యార్డుకు ఈ ఏటి సరుకు ఇంకా వస్తూనే ఉంది.

ఆమె చదివిన వాక్యం ఊరి బయట కేంద్రంలోనే ఉంది. అది ఇంకా ఏ ఇంటికీ రాలేదు.